గెలిచినవాడికి చెక్కు రాని ఊరు

2009 మే 17, ఆదివారం. ఐరిష్ ఓపెన్ గోల్ఫ్ టోర్నమెంటు మొదటి బహుమతి ఐదు లక్షల యూరోలు. అప్పటి రేటులో మన లెక్కకి మూడు కోట్లు దాటుతుంది. గెలిచింది షేన్ లౌరీ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడు. చెక్కు పట్టుకెళ్ళింది మాత్రం అతని చేతిలో ఓడిపోయిన ఇంగ్లండ్ ఆటగాడు రాబర్ట్ రాక్. లౌరీ అప్పటికి ప్రొఫెషనల్ కాదు, అమెచ్యూర్. అమెచ్యూర్ ప్రైజ్ మనీ ముట్టుకోకూడదు. అందుకని కప్పు అతనికి, డబ్బు రెండోవాడికి.

ఇది జరిగిన చోటు బాల్ట్రే. ఐర్లాండ్ తూర్పు తీరంలో, డ్రాహెడా పట్నానికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో, బోయిన్ నది సముద్రంలో కలిసే దగ్గర ఉన్న చిన్న పల్లె. అక్కడి క్లబ్బు అసలు పేరు కౌంటీ లౌత్ గోల్ఫ్ క్లబ్. కానీ మాటల్లో ఎవరైనా బాల్ట్రే అనే అంటారు.

నేను 2019లో డండాక్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చాను. స్టూడెంట్‌గా వచ్చినవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలే పని చెయ్యాలి. అప్పుడు కనీస వేతనం గంటకి 9 యూరోల 80 సెంట్లు. నాకు ఒక క్యాటరింగ్ ఏజెన్సీలో పని దొరికింది. శని, ఆదివారాల్లో హోటళ్ళకో గోల్ఫ్ క్లబ్బులకో, ఎక్కడ ఫంక్షన్ ఉంటే అక్కడికి పంపేవాళ్ళు. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, ఒక్క చేత్తో మూడు ప్లేట్లు. టేబుల్ చుట్టూ తిరిగి "బీఫా, సాల్మన్ చేపా?" అని అడగడం. ప్లేట్లో మెత్తగా చిదిమిన బంగాళాదుంప, దాని పక్కనే రోస్ట్ చేసిన బంగాళాదుంప. రెండూ ఎందుకని అడిగితే, అన్నంలో పప్పు ఎందుకని అడిగినవాడిని మనం చూసినట్టు చూస్తారు. జీతం ఎప్పుడూ ఆలస్యమే. అడిగితే వచ్చే వారం అనేవాళ్ళు.

ఆ ఏడాది ఎక్కడికి వెళ్ళినా లౌరీ కబుర్లే. జులైలో అతను పోర్ట్‌రష్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు, అదీ ఆరు షాట్ల తేడాతో. ఐర్లాండ్ దీవి మీద ఆ టోర్నమెంటు జరగడం 1951 తరవాత అదే. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. గోల్ఫ్ అంటే హైదరాబాద్‌లో గోడ బయటినుంచి చూసిన పచ్చగడ్డి. అలాంటి నాకు ఆ చెక్కు కథ చెప్పింది మాతోపాటు గిన్నెలు తోమే డ్రాహెడా పెద్దావిడ. ఆవిడ 2009లో ఆ వర్షంలో నిలబడి చూసిందట. ఆ వారాంతం తర్వాత జలుబు నెల రోజులు వదల్లేదని చెబుతూ నవ్వింది.

ఆ రాత్రి ఫోన్లో మా నాన్నకి చెప్పాను. ఆయన మొత్తం విని ఒకటే అడిగారు.

"అయితే ఆ డబ్బు వదులుకున్నాడా?"

"వదులుకోవడం కాదు నాన్నా, రూలు."

"ఏం రూలురా అది. వాళ్ళ నాన్నైనా నాలుగు మాటలు అనలేదా?"

వాళ్ళ నాన్న ఏమన్నాడో నాకు తెలీదు కానీ ఆయనెవరో తర్వాత తెలిసింది. బ్రెండన్ లౌరీ. 1982లో, ఐర్లాండ్ సొంత ఆట అయిన గేలిక్ ఫుట్‌బాల్ ఆలైర్లాండ్ (దేశం మొత్తం చాంపియన్‌షిప్) ఫైనల్లో వరసగా ఐదోసారి గెలవబోతున్న కెర్రీ జట్టుని ఆపిన ఆఫలీ జట్టులో ఆయన, ఆయన ఇద్దరు అన్నదమ్ములు ఆడారు. గేలిక్ ఆటల్లో ఆటగాళ్ళకి జీతం ఉండదు. ఇప్పటికీ లేదు. ఎనభై రెండు వేల మంది పట్టే క్రోక్ పార్క్ నిండిపోయినా మైదానంలో ఉన్నవాడు సోమవారం పొద్దున్న స్కూల్లో పాఠం చెప్పుకోవాల్సిందే, బ్యాంకులో కూర్చోవాల్సిందే. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి డబ్బు లేకుండా గెలవడం మనకి అనిపించినంత వింతగా అనిపించి ఉండదు.

ఆ నాలుగు రోజుల ఆట సంగతి కాస్త చెప్పాలి. లౌరీ ఆడుతున్న మొట్టమొదటి ప్రొఫెషనల్ టోర్నమెంటు అదే. రెండో రోజు పద్దెనిమిది హోల్స్ 62 షాట్లలో ముగించాడు, గోల్ఫ్‌లో షాట్లు ఎంత తక్కువైతే అంత గొప్ప. చివరి రోజు గాలి, వాన. ఆ రోజు చివరి హోల్ దగ్గర నాలుగడుగుల పట్ (బంతిని నేల మీద దొర్లించి గుంటలోకి వేసే షాట్) వేస్తే గెలిచేసేవాడే, అది తప్పిపోయింది. ఇద్దరి స్కోరూ సమానం. ఇక ప్లేఆఫ్. మళ్ళీ అదే పద్దెనిమిదో హోల్, ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి గెలిచాడు. జనం తాళ్ళు దాటి గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కోసిన గడ్డి) మీదకి వచ్చేశారు. తోటి గోల్ఫర్ రోరీ మెకెల్‌రాయ్ షాంపేన్ తెచ్చి నెత్తిన పోశాడు. అప్పుడు ఐర్లాండ్ పరిస్థితి బాగోలేదు. ఇళ్ళ ధరలు కూలిపోయాయి, నిర్మాణ పనులు ఆగిపోయాయి. జనవరిలోనే డెల్ కంపెనీ లిమరిక్ నుంచి తయారీని పోలండ్‌కి మారుస్తున్నామని చెప్పింది, పంతొమ్మిది వందల ఉద్యోగాలు పోయాయి. పని లేని దేశంలో, వానలో తడిసిన ఆదివారం, లావుపాటి పల్లెటూరి కుర్రాడు ఒకడు ప్రొఫెషనల్స్‌ని ఓడించాడు. పెద్దావిడ పదేళ్ళ తర్వాత కూడా ఆ జలుబుని గొప్పగా చెప్పుకోవడంలో తప్పేముంది.

లౌరీ గెలిచిన ఆ కోర్సు (గోల్ఫ్ మైదానం) 1892లో మొదలైన క్లబ్బుది. అంతకు ఒక ఏడాది ముందు, 1891లో, ఐర్లాండ్ గోల్ఫ్ యూనియన్ ఏర్పడింది. ప్రపంచంలో అన్నిటికంటే పాత జాతీయ గోల్ఫ్ యూనియన్ అదే. తర్వాత దేశం రెండుగా చీలింది, ఉత్తరభాగం బ్రిటన్‌తో ఉండిపోయింది, కానీ గోల్ఫ్ చీలలేదు. ఉత్తరాన బెల్‌ఫాస్ట్ వాడూ దక్షిణాన కార్క్ వాడూ ఒకే యూనియన్ కింద ఆడతారు. ఆడవాళ్ళ యూనియన్ 1893 నుంచీ విడిగా ఉండేది. 2021లో రెండూ కలిసి గోల్ఫ్ ఐర్లాండ్ అయ్యాయి.

ఇప్పుడున్న మైదానానికి రూపం ఇచ్చింది 1938లో టామ్ సింప్సన్ అనే ఇంగ్లండ్ డిజైనర్. ఆయనకి సాయం చేసింది మాలీ గూర్లే, స్వయంగా పెద్ద క్రీడాకారిణి. సింప్సన్ డబ్బున్నవాడు, కోర్సులు చూడ్డానికి డ్రైవర్ నడిపే రోల్స్‌రాయిస్‌లో వచ్చేవాడు. నేను బాపట్ల వైపు వాడిని, ఇసుక దిబ్బలు నాకు కొత్త కాదు. కానీ ఇక్కడి దిబ్బల మీద సరుగుడు చెట్లుండవు. మోకాలెత్తు గరుకు గడ్డి, దాని మధ్య నున్నగా కోసిన దారి. అడ్డు లేకపోవడంతో గాలి సముద్రం మీంచి నేరుగా మొహాన కొడుతుంది. ఇలాంటి మైదానాలని లింక్స్ అంటారు. పక్కనే ఉన్న బీచ్‌లో 1974లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఐరిష్ ట్రేడర్ అనే ఓడ అస్థిపంజరం ఇంకా తుప్పు పడుతూ ఉంది.

1941లో, యుద్ధం రోజుల్లో, ఈ మైదానం మీద ఈస్ట్ ఆఫ్ ఐర్లాండ్ అనే అమెచ్యూర్ పోటీ మొదలైంది. మొదటిసారి గెలిచింది జో కార్. అప్పటికి ఇంకా టీనేజ్ కుర్రాడు. అదే పోటీని 1969 దాకా మొత్తం పన్నెండుసార్లు గెలిచాడు. బ్రిటిష్ అమెచ్యూర్ చాంపియన్‌షిప్ మూడుసార్లు గెలిచాడు. అమెరికాలో జరిగే మాస్టర్స్ గోల్ఫ్ టోర్నమెంటులో ఆడిన మొదటి ఐరిష్ ఆటగాడు అతనే. అయితే కార్ ఈ క్లబ్బు మనిషి కాదు, డబ్లిన్ పక్కన సటన్ క్లబ్బు వాడు. ఏటా బాల్ట్రే వచ్చి కప్పు పట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఊరివాళ్ళకి కాస్త కడుపుమంటగానే ఉండి ఉంటుంది.

ఊరి సొంత గెలుపులు చాలావరకు ఆడవాళ్ళవి. బయటివాళ్ళు లౌరీ పేరు చెబుతారు. బాల్ట్రే పాతకాపులు మాత్రం ఫిలోమినా గార్వీ పేరు చెబుతారు. ఆమె 1926లో డ్రాహెడాలో పుట్టారు. ఐర్లాండ్ మహిళల చాంపియన్‌షిప్ పదిహేనుసార్లు గెలిచారు, మొదటిది 1946లో, ఆఖరుది 1970లో. ఆ మొదటి ఫైనల్ లాహించ్‌లో జరిగింది. అవతల ఉన్నది ఎవరనుకున్నారు? బాల్ట్రేకే చెందిన క్లారీ రెడ్డన్, 1936 చాంపియన్. ముప్ఫై ఆరు హోల్స్‌తో తేలాల్సిన ఆట ముప్ఫై తొమ్మిదో హోల్ దాకా వెళ్ళింది. ఒకే పల్లె క్లబ్బు నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు దేశం టైటిల్ కోసం అంతసేపు కొట్టుకున్నారు. 1948లో ఇద్దరూ కలిసి బ్రిటన్, ఐర్లాండ్ ఉమ్మడి జట్టు తరఫున అమెరికా మీద కర్టిస్ కప్ ఆడారు.

గార్వీ బ్రిటిష్ మహిళల చాంపియన్‌షిప్ ఫైనల్‌కి ఐదుసార్లు చేరారు. నాలుగుసార్లు ఓడారు. 1957లో స్కాట్లండ్‌లోని గ్లెనీగిల్స్‌లో మాత్రం గెలిచారు. మరి బతుకుతెరువు? డబ్లిన్ ఓకానెల్ స్ట్రీట్‌లో క్లెరీస్ అనే పెద్ద బట్టల, సామాన్ల దుకాణం ఉండేది. అందులో ఉద్యోగం. యూరప్‌లోని గొప్ప క్రీడాకారిణుల్లో ఒకరు పగలు కౌంటర్ దగ్గర నిలబడి, సెలవు పెట్టుకుని వెళ్ళి అమెరికాతో ఆడి వచ్చేవారు. ప్లేట్లు మోస్తున్న రోజుల్లో ఈ సంగతి తెలిసి నాకు బలే ధైర్యం వచ్చింది. కాళ్ళ నొప్పులు మాత్రం తగ్గలేదు.

1958లో ఆమె చేసిన పని వేరే స్థాయిది. కర్టిస్ కప్ జట్టుకి ఎంపికయ్యారు. జట్టు కోటు మీద బ్యాడ్జీలో బ్రిటన్ జెండా యూనియన్ జాక్ మాత్రమే ఉంది, ఐర్లాండ్‌ని సూచించేది ఏమీ లేదు. నేను రాను అన్నారు. జట్టు ఆమె లేకుండానే అమెరికా వెళ్ళింది. అమెరికా ప్రయాణం, కర్టిస్ కప్ ఆట, జట్టులో చోటు, అన్నీ ఒక బ్యాడ్జీ కోసం వదిలేసుకున్నారు. 1960లో మళ్ళీ ఆడారు. అది ఆరోసారి.

1964లో ఆమె ప్రొఫెషనల్ అయ్యారు. కానీ ఆ రోజుల్లో ఇక్కడ ఆడవాళ్ళకి ప్రొఫెషనల్ టూర్ అంటూ ఎక్కడుంది? ఐరోపాలో అది మొదలైందే 1970ల చివర్లో. 1968లో తిరిగి అమెచ్యూర్ అయ్యారు, ఇంకో ఐరిష్ టైటిల్ కూడా గెలిచారు. 2009లో కన్నుమూశారు, లౌరీ బాల్ట్రేలో గెలిచిన అదే ఏడాది.

ఇంకో సంగతి కూడా ఆ ఏడాదిదే. డబ్లిన్ దగ్గర పోర్ట్‌మార్నాక్ అనే పేరున్న క్లబ్బు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకునేది కాదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2009 నవంబర్‌లో ముగ్గురు జడ్జీలు క్లబ్బు వైపు, ఇద్దరు క్లబ్బుకి వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆ క్లబ్బు సభ్యులు మనసు మార్చుకుని ఆడవాళ్ళని రానిచ్చింది 2021లో. ముప్ఫై, నలభై కిలోమీటర్ల అవతల బాల్ట్రేలో మాత్రం క్లబ్బుకి పేరు తెచ్చింది ఆడవాళ్ళే.

అమెచ్యూర్ అనే ఆదర్శం మీద నాకు పెద్ద భక్తి లేదు. డబ్బు ముట్టుకోకూడదన్న రూలు పెట్టినవాళ్ళకి ఇళ్ళూ పొలాలూ ఉండేవి. రోల్స్‌రాయిస్‌లో వచ్చేవాళ్ళకి ఆట సరదా. కౌంటర్ దగ్గర నిలబడేవాళ్ళకి అదే ఆట అంటే సెలవు, జీతంలో కోత. లౌరీ కూడా కొద్ది రోజుల్లోనే ప్రొఫెషనల్ అయ్యాడు, మంచి పని చేశాడు. 2019 ఓపెన్‌లో అతనికి వచ్చింది పంతొమ్మిది లక్షల డాలర్ల పైన. అది విన్నాక మా నాన్న మనసు కుదుటపడింది.

కానీ క్లబ్బుల్లో తిరిగినకొద్దీ ఇంకో సంగతి కూడా అర్థమైంది. ఇక్కడ మామూలు సభ్యుడు, అంటే ప్లంబర్, టీచర్, ఫార్మసీ ఆవిడ, తమ క్లబ్బు తరఫున పక్క క్లబ్బు మీద ఆడతారు. బార్టన్ షీల్డ్, జూనియర్ కప్, జిమ్మీ బ్రూయెన్, పియర్స్ పర్సెల్, ఇలా రకరకాల పోటీలు. ప్రావిన్స్‌లో గెలిస్తే, ఆపైన ఆలైర్లాండ్ గెలిస్తే చేతికొచ్చేది ఒక జెండా గుడ్డ ముక్క. గ్రీన్ పెనెంట్ అంటారు. క్లబ్బులో ఫ్రేము కట్టి గోడకి పెడతారు. అరవై ఏళ్ళాయన ఒకాయన తనకి సూప్ వడ్డిస్తున్న నన్ను ఆపి, గోడ మీది ఫ్రేము చూపించి, ఏ హోల్‌లో ఏ క్లబ్ కర్రతో కొట్టాడో చెప్పాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సూప్ మాత్రం చల్లారిపోయింది. మా సూపర్‌వైజర్ దూరం నుంచి చూస్తూ ఏమీ అనలేదు, ఆవిడ భర్త పేరు కూడా అదే ఫ్రేములో ఉందట.

ఇప్పుడు నేను డబ్లిన్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ డ్రాహెడాలో ఉంటున్నాను. డబ్లిన్ అద్దెలు మన వల్ల కావు, ఇక్కడైతే ట్రెయిన్ ఉంది. మనవాళ్ళు చాలామంది ఇదే లెక్కతో ఇటు వచ్చారు. వాళ్ళకి చెప్పేదేంటంటే, ఈస్ట్ ఆఫ్ ఐర్లాండ్ సాధారణంగా జూన్ మొదట్లో బాల్ట్రేలోనే జరుగుతుంది. టికెట్ లేదు, ఆటగాళ్ళ వెనకే నడవొచ్చు. 1989లో ఇక్కడ గెలిచిన డారెన్ క్లార్క్ తర్వాత బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు, కాబట్టి మీ పక్కన నడుస్తున్న కుర్రాడు ఎవడవుతాడో చెప్పలేం. పట్ వేసేటప్పుడు మాట్లాడకండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోండి. బీచ్‌లో కంచె కట్టి ఉంటే లోపలికి వెళ్ళొద్దు, అక్కడ లిటిల్ టెర్న్ పక్షులు గుడ్లు పెడతాయి, వాలంటీర్లు కాపలా ఉంటారు. గొడుగు మాత్రం తేవొద్దు, ఆ గాలికి పది నిమిషాలు నిలవదు. టోపీ ఉన్న రెయిన్ జాకెట్ తెచ్చుకోండి.