గ్రిడ్ ముందు పెట్టిన ప్రోబ్‌ను ఎంతవరకు నమ్మాలి?

ఫ్రాన్స్‌లో నిర్మిస్తున్న అంతర్జాతీయ కేంద్రక సంలీన ప్రయోగ రియాక్టర్ ఐటర్‌లో ప్లాస్మాను (అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువును) వేడెక్కించే ఒక్కొక్క తటస్థ కణపుంజానికి 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి, 40 ఆంపియర్ల డ్యుటీరియం ఋణ అయాన్ల కరెంటు కావాలి. అంత వేగంలో ధన అయాన్లను తటస్థ పరమాణువులుగా మార్చడం దాదాపు కుదరదు. ఋణ అయాన్లయితే అదనపు ఎలక్ట్రాన్ తేలిగ్గా ఊడిపోతుంది కాబట్టి, వాటిలో సుమారు 60 శాతాన్ని వాయువు గుండా పంపి తటస్థం చేయవచ్చు. ఇటలీలోని పాదువాలో 2018లో పనిచేయడం మొదలుపెట్టిన స్పైడర్, జర్మనీలోని గార్షింగ్‌లో ఉన్న ఎలీజ్, గాంధీనగర్‌లోని రాబిన్ ఈ ఋణ అయాన్ల ఉత్పత్తి మీదే పనిచేసే కేంద్రాలు.

ఈ యంత్రాల లోపలి ప్లాస్మాను కొలిచే సాధనాల్లో అన్నిటికన్నా పాతది, 1920లలో రూపుదిద్దుకున్న లాంగ్‌మ్యూర్ ప్రోబ్. సిరామిక్ గొట్టంలోంచి కొన్ని మిల్లీమీటర్లు బయటికి వచ్చిన టంగ్‌స్టన్ తీగ, అంతే. దాని వోల్టేజిని ఋణం నుంచి ధనం వైపు క్రమంగా పెంచుతూ, తీగలోకి వచ్చే కరెంటును నమోదు చేస్తారు. ఎలక్ట్రాన్ కరెంటు ఘాతీయంగా పెరిగే భాగంలో సంవర్గమానపు వాలును బట్టి ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత తెలుస్తుంది. రేడియో తరంగాలతో ప్లాస్మా పుట్టే డ్రైవర్‌లో అది 10 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. వేడి ఎలక్ట్రాన్లను ఆపే అయస్కాంత వడపోతను దాటి గ్రిడ్ (అయాన్లను బయటికి లాగే రంధ్రాల లోహపు పలక) దగ్గరికి వచ్చేసరికి 1కి దిగాలి, లేకపోతే 0.75 ఎలక్ట్రాన్ వోల్టుల బంధంతో నిలిచిన ఋణ అయాన్ ఆ ఎలక్ట్రాన్ల దెబ్బలకే విరిగిపోతుంది.

చిక్కంతా గ్రిడ్ దగ్గరే. మామూలు హైడ్రోజన్ ప్లాస్మాలో ధన వోల్టేజి వైపు కరెంటు, అయాన్ల వైపు కరెంటుకు పదుల రెట్లు ఉంటుంది. సీజియం పూసిన గ్రిడ్ ఉపరితలం నుంచి ఋణ అయాన్లు పుట్టుకొచ్చి ఎలక్ట్రాన్ల స్థానాన్ని ఆక్రమించినప్పుడు, ఆ ధన వైపు కరెంటు కుంగి, వోల్టేజికీ కరెంటుకూ గీసిన వక్రం రెండు వైపులా ఇంచుమించు సమానంగా కనిపిస్తుంది. పాఠ్యపుస్తక సూత్రాన్ని దానికి యథాతథంగా అన్వయించి సాంద్రతను రెండు దశాంశాలకు రాయడం నాకు అతి నమ్మకంగానే తోస్తుంది; ఆ సంఖ్య కంటే వక్రపు ఆకారమే నిజాయితీగా మాట్లాడుతుంది. దీనికి తోడు, ప్లాస్మాను పుట్టించే రేడియో తరంగాల 1 మెగాహెర్ట్జ్ డోలనాలు వక్రాన్ని చెరిపి ఉష్ణోగ్రతను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తాయి కనుక ప్రోబ్‌కు ఆ డోలనాలను అడ్డుకునే చోక్‌లు (తీగచుట్టలు), పరిహార ఎలక్ట్రోడు తప్పనిసరి. తీగ మీద పేరుకునే సీజియం కూడా కొలతను పక్కకు జరుపుతుంది. అందుకే అప్పుడప్పుడు గట్టి ధన వోల్టేజితో ఎలక్ట్రాన్లను రప్పించి కొనను కాల్చి శుభ్రం చేస్తారు.

1064 నానోమీటర్ల లేజర్ ఫోటాన్‌కు 1.17 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. ఋణ అయాన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి అది చాలు. ప్రోబ్ చుట్టూ లేజర్ వేసి, ఒక్కసారిగా పెరిగిన కరెంటును అంతకుముందు ఉన్న ఎలక్ట్రాన్ కరెంటుతో భాగిస్తే ఋణ అయాన్లకూ ఎలక్ట్రాన్లకూ ఉన్న నిష్పత్తి దొరుకుతుంది. ఎలక్ట్రాన్లు మరీ తగ్గిన చోట మాత్రం ఈ భాగహారానికి అర్థం సన్నగిల్లుతుంది కాబట్టి, రెండు అద్దాల మధ్య లేజర్ కాంతి ఎంత త్వరగా క్షీణిస్తుందో చూసి, దాని దారి పొడవునా సగటు సాంద్రతనిచ్చే కావిటీ రింగ్‌డౌన్ కొలతతో దాన్ని సరిపోల్చుకోవాలి.