నడుము ఎంఆర్ఐ నార్మల్ వచ్చినా సరే, ఆగండి

కాళ్లు బిగుసుకుపోతున్నాయి, నడకలో తూలుడు, నడుము ఎంఆర్ఐ మాత్రం నార్మల్. చాలా కేసులు ఇక్కడే నెలల తరబడి ఆగిపోతాయి. వెన్నుపాము నడుము పైభాగంలో, ఎల్1-ఎల్2 (నడుములోని మొదటి రెండు పూసలు) దగ్గరే ముగుస్తుంది. కాళ్లలో బిగుతు, మోకాలి కింద తట్టగానే కాలు మామూలు కన్నా గట్టిగా ఎగరడం, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేవడం కనిపిస్తే వెన్నుపామును నొక్కే గడ్డ (ట్యూమర్) నడుము ఎంఆర్ఐకి అందనంత పైన, ఛాతీ వెనకో మెడలోనో ఉండొచ్చు. అడగాల్సింది మొత్తం వెన్నెముక ఎంఆర్ఐ, కాంట్రాస్ట్‌తో (గడ్డ స్పష్టంగా కనిపించేలా నరంలోకి ఇచ్చే మందు). పడుకుంటే పెరిగి నిద్ర లేపే నొప్పి ఉంటే ఇంకా తొందరగా. మూత్రం ఆగిపోతే అది ఎమర్జెన్సీ.

మెనింజియోమా (వెన్నుపాము చుట్టూ ఉండే పొరల్లో పుట్టే గడ్డ), ష్వానోమా (నరాల తొడుగులో పుట్టే గడ్డ) లాంటివి ఎక్కువగా డ్యూరా అనే బయటి పొర లోపల, వెన్నుపాముకు బయట పెరుగుతాయి. సర్జరీలో మొదటి ప్రమాదం వింటే నవ్వొస్తుంది: లెక్క తప్పడం. ఛాతీ దగ్గర పూసలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎక్స్‌రేతో గడ్డ ఏ పూస దగ్గరుందో ఖాయం చేసుకున్నాకే ఎముక తీయాలి. డ్యూరా తెరిచాక గడ్డను పట్టి లాగకూడదు. ముందు లోపలి పదార్థం తోడేసి, ముడుచుకున్న గోడను వెన్నుపాము నుంచి మెల్లగా విడదీయాలి. అంతసేపూ కండరాలకు చేరే సిగ్నళ్లు చూస్తుంటారు. అందుకే మత్తు ఇచ్చి గొంతులో శ్వాస ట్యూబ్ వేశాక కండరాలు సడలించే మందు మళ్లీ ఇవ్వరు. ఇచ్చారంటే ఆ మానిటర్ ఉన్నా లేనట్టే.

సర్జరీ తర్వాత గాయం నుంచి నీళ్లలాంటి ద్రవం కారినా, కూర్చుంటే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గినా డ్యూరా కుట్టు లీకవుతోందని అనుమానించాలి. మెనింజైటిస్‌కు (మెదడు, వెన్నుపాము పొరల ఇన్ఫెక్షన్) అదే దారి. కట్టు మార్చి ఊరుకోకుండా ఆ రోజే సర్జన్‌కు చూపించండి.