ఆదివారం మాత్ర, పొద్దుటి తైలం

కీళ్లవాతం వచ్చిందని తెలిస్తే చాలు, ఊళ్లో అందరూ వైద్యులే. పక్కింటి పిన్నిగారు తిప్పతీగ కషాయం అంది. స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారు వావిలాకు కాపడం పెట్టమన్నారు. బస్సులో నా వేళ్ల వాపు చూసిన ఒకావిడ ఏదో పొడి గురించి చెప్పి, దిగేలోపు ఫోన్ నంబరు కూడా ఇచ్చేసింది.

నాకు మొదలైంది వేళ్లలోనే. పొద్దున లేచాక పిడికిలి బిగిసేది కాదు. కుక్కర్ మూత తిప్పలేను, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేను. గంటన్నర గడిస్తే గానీ చేతులు స్వాధీనంలోకి వచ్చేవి కావు. బడిలో సుద్దముక్క పట్టుకుని రాస్తుంటే "టీచర్, అది 'మ'నా, 'య'నా?" అని పిల్లలు అడిగేవారు.

విజయవాడలో రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం చూసే డాక్టరు, పరీక్షలు రాసింది. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు రెండూ పాజిటివ్. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని చెప్పి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టింది. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చీటీ మీద 'ఆదివారం' అని రాసి గుండ్రంగా చుట్టింది. దానికి తోడు ఫోలిక్ యాసిడ్, ఆపైన లివర్‌కి, రక్తకణాలకి ఎప్పటికప్పుడు పరీక్షలు. గుణం కనబడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చంది.

ఆ వారాల్లోనే మనిషి మనసు పక్కచూపులు చూస్తుంది. నొప్పేమో ఇవాళ్టిది, గుణమేమో ఎప్పటికో. ఆదివారం రాత్రి మాత్ర వేసుకుంటే సోమవారమంతా కడుపులో తిప్పడం, అన్నం చూస్తే వికారం. సరే ఏం మందో చూద్దామని ఫోన్లో వెతికితే ముందు కనబడేది క్యాన్సర్. క్యాన్సర్‌కి ఇచ్చే డోసు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ, కానీ ఆ వాక్యం దాకా చదివే ఓపిక ఎవరికుంటుంది? అలాంటప్పుడు "సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అని ఎవరన్నా చెవి అటు పోతుంది.

మా అత్తగారిది గుడివాడ. 1945 నుంచి అక్కడ హోమియో కళాశాల ఉంది, ఇప్పుడది డాక్టర్ గురురాజు పేరు మీద నడుస్తోంది. ఆవిడ బీరువాలో నగల పెట్టె ఎక్కడుందో ఆవిడకే గుర్తుండదు గానీ హోమియో పెట్టె మాత్రం చేతికందే చోటే ఉంటుంది. "ఇంగ్లిష్ మందులు వేడమ్మా. మానమని అనను, ఒక్కసారి మా డాక్టరుగారికి కూడా చూపించు" అంది. 'కూడా' అంది కాబట్టే వెళ్లాను.

ఆయన ముప్పావుగంట ప్రశ్నలే వేశారు. నొప్పి చలికి ఎక్కువా, వేడికి ఎక్కువా? పులుపు ఇష్టమా? కలల్లో ఏమొస్తాయి? "మొదట కదిపినప్పుడు ప్రాణం పోతుందండీ, కదిపేకొద్దీ నయం" అన్నానో లేదో, వెనక కుర్చీలోంచి మా అత్తగారు "రస్‌టాక్స్" అని గొణిగింది. ఆయన నవ్వి అదే రాశారు. మెథోట్రెక్సేట్ ఆపొద్దని కూడా గట్టిగా చెప్పారు. అందరూ అలా చెప్పరని తర్వాత తెలిసింది.

అక్కడ వరండాలో కూర్చున్నవాళ్లని చూశాక, చదువు లేనివాళ్లే ఇటు వస్తారన్న మాట నేను నమ్మను. రిటైరైన బ్యాంకు మేనేజరు తన రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైలు చేసుకుని వచ్చాడు. 2022-23లో ప్రభుత్వం చేసిన జాతీయ సర్వేలో, గడిచిన ఏడాదిలో ఆయుష్ వైద్యం (ఆయుర్వేదం, హోమియో లాంటివి) వాడామన్నవాళ్లు పల్లెల్లో సుమారు 46 శాతమైతే పట్టణాల్లో 53 శాతం.

నా పక్కన పాతికేళ్లు కూడా నిండని అమ్మాయి, వాళ్లమ్మ కూర్చున్నారు. నాదీ ఆ అమ్మాయిదీ ఒకటే జబ్బు. మెథోట్రెక్సేట్ వాడుతూ గర్భం దాల్చకూడదు, ముందే కొన్ని నెలలు ఆపాలి. పెళ్లైన మూడో నెలకే "ఏమైనా విశేషమా?" అని అడిగే ఇళ్లు మనవి. "ఆ మాత్రల పేరు అటువాళ్లు ఫోన్లో చూస్తే ఇంకేమన్నా ఉందా? ఈ తీపి మాత్రలైతే ఎవరూ ఏమీ అడగరు" అంది తల్లి. హోమియో బాగా పనిచేస్తుందా లేదా అన్నది ఆవిడ లెక్కలోనే లేదు.

మూడు నెలలకి నా వాపు దిగింది. మా అత్తగారు ఆ గుణాన్ని రస్‌టాక్స్ ఖాతాలో వేసింది. నేను ఆదివారం మాత్ర ఖాతాలో వేశాను, ఎందుకంటే డోసు పెంచిన తర్వాతే తేడా కనబడింది. ఈ విషయం ఇంట్లో పెద్దగా చర్చించలేదు.

తిప్పతీగ మాత్రం ముట్టుకోలేదు. కరోనా రోజుల్లో అది తాగినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్నదని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ ఆ మాట ఒప్పుకోలేదు. నా లివర్ అప్పటికే నిఘాలో ఉంది, దానికి ఇంకో పరీక్ష దేనికి? పిన్నిగారికి కోపమొచ్చింది. బస్సావిడ చెప్పిన పొడి మా సహోద్యోగి ఒకావిడ వాడింది. మూడు రోజుల్లో నొప్పి మాయమైంది, నెల తిరిగేసరికి మొహం ఉబ్బింది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని డాక్టరు అనుమానం. పొట్లం మీద పేరే లేకపోతే ఎవర్ని అడుగుతాం?

మహానారాయణ తైలం మాత్రం ఇప్పటికీ వాడుతున్నాను. గోరువెచ్చగా చేసి మా అత్తగారు ఒక్కో వేలూ కణుపు కణుపునా మర్దన చేస్తుంది. జబ్బు దానికి తగ్గదని రుమటాలజిస్టు చెప్పింది, హాయిగా ఉంటే రాసుకోమనీ అంది. హాయిగానే ఉంటుంది.

ఇప్పుడు డోసు తగ్గించారు, సుద్దముక్క మళ్లీ మాట వింటోంది. ఆ అమ్మాయి విషయం మా డాక్టర్ని అడిగితే, గర్భం వచ్చినా వాడగలిగే మందులున్నాయని చెప్పింది: హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్. తర్వాత గుడివాడలో తల్లి కనబడినప్పుడు ఆ సంగతి చెప్పి, ఒకసారి రుమటాలజిస్టుని అడిగి చూడమన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి అడిగింది: "మొదటి దాని పేరు ఫోన్లో కొడితే ఏం వస్తుందండీ?"

"మలేరియా మందు అని వస్తుంది."

"మలేరియా అయితే ఫర్వాలేదు" అంది.