యెష్షయి మొద్దు, క్రిస్మస్ చెట్టు

క్రిస్మస్ చెట్టు గురించి మన సంఘాల్లో ఏటా ఒక వాదన వస్తుంది. యిర్మీయా 10వ అధ్యాయం తెరిచి, "అడవిలో నొకడు చెట్టు నరకునట్లు అది నరకబడును" అన్న మాట చూపించి, ఇంట్లో చెట్టు పెట్టకూడదంటారు కొందరు. ఆ అధ్యాయంలోనే ఇంకో రెండు వచనాలు ముందుకు చదివితే, ప్రవక్త మాట్లాడుతున్నది చెక్కి నిలబెట్టిన ప్రతిమ గురించని తెలిసిపోతుంది. ఇళ్ళలో చెట్టు అలంకరించే అలవాటు ఆ తర్వాత రెండు వేల ఏళ్ళకు పైగా గడిచాక, జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో పుట్టింది. 1605లో స్ట్రాస్‌బర్గ్‌లో చెట్లకు కాగితం గులాబీలు, ఆపిల్ పళ్ళు కట్టేవారని రాసి ఉంది. పెట్టాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షికి వాళ్ళకు వదిలేస్తాను. చెట్టు ఇంటికొచ్చేశాక తోటలో మిగిలిపోయే మొద్దు గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పాలనుంది.

మేముండేది అమెరికాలో, మసాచుసెట్స్‌లో. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళిన వారాంతంలో పిల్లల్ని తీసుకుని చెట్ల తోటకి వెళ్తాం. రంపం వాళ్ళే ఇస్తారు. మా ఆవిడకి గుబురుగా ఉండాలి, పిల్లలకి ఎత్తుగా ఉండాలి, మా ఇంటి సీలింగ్ ఎంతో గుర్తుచేసే చెడ్డపని నాది. ఒకరు చెట్టు పట్టుకుంటే ఒకరు చలిలో నేలమీద పడుకుని కొయ్యాలి. తర్వాత వల చుట్టించి కారు మీద తాళ్ళతో కట్టుకుని రావడం. ఆరేడు అడుగుల చెట్టు ఎదగడానికి ఏడేళ్ళు పైనే, ఒక్కోసారి పదేళ్ళు పడుతుంది. కొయ్యడానికి ఐదు నిమిషాలు చాలు.

ఈ రాష్ట్రం పడమటి కొండల్లో కొన్ని తోటల పద్ధతి వేరు. అక్కడ చెట్టును నేలమట్టానికి కోయరు. అడుగున ఒక వరస పచ్చి కొమ్మలు మొద్దుకే వదిలేసి, ఆ పైన కోస్తారు. ఫర్ జాతి చెట్టును మొదలంటా కోస్తే ఇక అంతే. మన జామాయిల్ మోడులా దానికి పిలకలు రావు. కానీ ఆ నాలుగు కొమ్మలు మిగిలితే వేరు బతికే ఉంటుంది, మొద్దు మీద కొత్త చిగుళ్ళు లేస్తాయి. రైతు వాటిలో ఒక్కదాన్ని ఉంచి, మిగతావి తీసేసి, పాత వేరు మీదే ఇంకో చెట్టును పెంచుతాడు.

"యెష్షయి మొద్దునుండి చిగురు పుట్టును వాని వేరులనుండి అంకురము ఎదిగి ఫలించును" (యెషయా 11:1). యెష్షయి అంటే దావీదు రాజు తండ్రి. క్రిస్మస్ కార్డుల మీద ఎన్నిసార్లు చూశామో ఈ వచనం! దాన్ని ఒక్కదాన్నే విడిగా చదవడం మనకు అలవాటు. దానికి ముందే, పదో అధ్యాయం చివర దేవుడు ఒక అడవినే నరికేస్తున్నాడు. ఆ అడవి అష్షూరు సామ్రాజ్యం. క్రీ.పూ. 612లో దాని రాజధాని నీనెవె కూలింది, ఆ రాజ్యం మళ్ళీ లేవలేదు. కొన్నేళ్ళకే దావీదు వంశం ఏలే యూదా వంతు వచ్చింది. 586లో బబులోను సైన్యం చేతిలో యెరూషలేము కాలిపోయింది. రాజైన సిద్కియా కొడుకులను అతని కళ్ళముందే చంపి, ఆ తర్వాత అతని కళ్ళు పీకేశారు. రెండిటికీ పడింది గొడ్డలి దెబ్బే. మరి ఒకటి ఎండిపోయి, ఇంకొకటి ఎలా చిగురించింది?

రాజుల రెండవ గ్రంథం ఆఖరి పేరాలో జవాబు ఉంది, చాలామంది దాటేసి వెళ్ళిపోయే చోట. సిద్కియా కంటే ముందు రాజుగా ఉండి చెరలోకి పోయిన యెహోయాకీను, ఆ చెర ముప్పై ఏడో ఏట బబులోను చెరసాల నుంచి బయటికొచ్చాడు. రాజ్యం తిరిగి రాలేదు. బబులోను రాజు బల్ల దగ్గర రోజూ భోజనం మాత్రం దొరికింది. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో, యేసు వంశావళిలో "యెకొన్యా" అని కనిపించేది ఇతనే. మొద్దుకు మిగిలిన పచ్చి కొమ్మ ఇతనేనని నాకనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా చూడండి. ప్రవక్త దావీదు మొద్దు అనలేదు, యెష్షయి మొద్దు అన్నాడు. యెష్షయి రాజు కాడు, బేత్లెహేములో గొర్రెలు పెట్టుకుని బతికిన మనిషి. అంటే కిరీటం, కోట, సైన్యం అన్నీ పోయి, ఆ ఇల్లు దావీదుకు ముందున్న స్థితికి దిగిపోయాకే చిగురు వస్తుందన్నమాట. మనం చదువుకునే క్రిస్మస్ కథలో మరియ భర్త యోసేపు వడ్రంగి. దావీదు వంశంవాడే, కానీ రోమా చక్రవర్తి కైసరు ఆజ్ఞ వచ్చిందని జనాభా లెక్కలో పేరు రాయించుకోవడానికి నిండు గర్భిణితో బయల్దేరాల్సి వచ్చింది. బిడ్డను దేవాలయానికి తీసుకెళ్ళినప్పుడు గువ్వల జతనో, రెండు పావురపు పిల్లలనో బలిగా ఇవ్వాలన్న నియమం ప్రకారం వచ్చారని లూకా రాశాడు (2:24). అది గొర్రెపిల్లను తేలేని పేదలకు లేవీయకాండము 12:8 ఇచ్చిన వెసులుబాటు. దావీదు ఇంటివాళ్ళు ఆ రోజు పేదల వరసలోనే నిలబడ్డారు.