ఆ ఫోను ఏడేళ్ళ ముందే రావాల్సింది

2019లో మా మరిది ఆపరేషన్‌కి రక్తం కావాలంటే భీమవరం వెళ్ళి ఇచ్చొచ్చానండి. నాలుగో రోజు బ్లడ్ బ్యాంక్ నుంచి ఫోను, ఒకసారి రండమ్మా అని. కౌన్సిలర్ అమ్మాయి తలుపు దగ్గరకేసి మెల్లగా చెప్పింది, హెపటైటిస్ సి, అంటే కాలేయాన్ని పట్టే వైరస్, ఉండొచ్చని టెస్టులో రియాక్టివ్ వచ్చింది, ఇంకా ఖాయం కాదు, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ టెస్టు చేయించండి అని. నాకేమో ఒంట్లో ఏ నలతా లేదు, కామెర్లూ లేవు, ముందురోజే గట్టుమీద నిలబడి నాట్లేయించాను.

1997లో పెద్దోడి కాన్పప్పుడు రక్తం పోయి రెండు బాటిళ్ళు ఎక్కించారు, బహుశా ఆ రక్తంతోనే వైరస్ వచ్చి ఉంటుందన్నారు. దాతల రక్తానికి ఈ సి టెస్టు మన దేశంలో తప్పనిసరి అయ్యింది 2001 నుంచేనంట. సరే, అప్పటివాళ్ళని ఏమంటాం.

నా మంట 2012 గురించి. హీరో పుట్టినరోజు క్యాంపులో కుర్రాళ్ళు పిన్నిగారూ అని బతిమాలితే ఇచ్చాను కదా, అప్పుడు టెస్టు ఉంది కదా! ఆ బ్యాగు పారేసే ఉంటారు, నాకు మాత్రం అరటిపండూ సర్టిఫికెట్టూ, అంతే. రిపోర్టులో తేడా వస్తే మీకు చెప్పాలా అని ఫారంలో ఒక గడి ఉంటుందట. మా ఫారాలన్నీ ఒక కుర్రాడే నింపేశాడు, టిక్కు పెట్టాడో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఆసుపత్రిలో ఒక డాక్టరు లైనులో అందరి ముందూ “తాగుడు అలవాటుందా?” అన్నాడు. అదైనా మింగాను గానీ, తల్లి నుంచి బిడ్డకి రావచ్చు, నూటికి ఐదుగురికి అన్నాడే, ఆ రాత్రి చచ్చిపోయాననుకోండి. మా అమ్మాయి పుట్టింది 2000లో, నాకు రక్తమెక్కాక. అది నిద్రపోతుంటే సెల్లు లైటేసి రెప్పలెత్తి కళ్ళు పచ్చగా ఉన్నాయేమో చూశాను, “ఏంటమ్మా పిచ్చా” అని లేచింది, ఇద్దరం తెల్లారేదాకా కాలవగట్టు కప్పల గోల వింటూ కూర్చున్నాం. దానికి నెగెటివ్ వచ్చింది.

తోడికోడలు నా గ్లాసు వేరు పెట్టింది. మా అత్తగారు మాత్రం, కలిసి తింటే రాదని డాక్టరు చెప్పాడుగా అని నా కంచంలో ముద్ద తీసుకుని తిన్నారు.

మాత్రలు పన్నెండు వారాలు, ఫ్రీగానే ఇచ్చారు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు తిరిగాను. మందులాపిన మూడు నెలలకి వైరస్ లేదన్నారు, ఎవరి పుణ్యం ఎంతో నాకక్కర్లేదు. వైరస్ మీద పోరాడ్డానికి ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీ మాత్రం రక్తంలోంచి పోదంట, ఇక జన్మలో రక్తం ఇవ్వలేను.

మొన్న క్యాంపుకి మళ్ళీ పిలిచారు. వెళ్ళాను. టేబుల్ దగ్గర కుర్చీ వేసుకుని ఒక్కొక్కరి ఫారం తీసి, ఆ గడి ఎక్కడుందో చూపించి, “ఫోన్ నంబరు సరిగ్గా రాయి నాయనా” అని కూర్చున్నాను.