ముసలమ్మ ఏటి మొగ

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని శాండస్కీ దాకా వెళ్లింది రోలర్ కోస్టర్ల పార్కు కోసం. కారు నిలిపినందుకు వాళ్లు గుంజిన డబ్బుతో మా ఆకివీడులో నలుగురం కడుపునిండా తినొచ్చు. ఆ గోల వదిలేద్దాం. తిరుగుదారిలో హ్యూరన్ అనే ఊరు దాటాక 'ఓల్డ్ వుమన్ క్రీక్' అని బోర్డు కనిపించింది. ముసలమ్మ ఏరు! ప్రవేశం ఉచితమనేసరికి నాకు హుషారొచ్చింది.

తీరా చూస్తే ఏటికి మొగే లేదు. ఈరీ సరస్సుకీ ఏటికీ మధ్య ఇసుక మేట అడ్డంగా పడి ఉంది. ఏటి నీళ్లు లోపలే నిలిచిపోయి, వాటి నిండా తామరాకులు. బూటు తడవకుండా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నడిచేశాను. వానల్లేక ప్రవాహం చిక్కిపోతే, అలలు తెచ్చిపోసే ఇసుకను తోసే సత్తువ ఏటికి ఉండదట. బైనాక్యులర్స్‌తో పక్షుల్ని చూస్తున్న ఒక పెద్దావిడ చెప్పింది. "పెద్ద వాన పడ్డాక రండి" అంది.

పది రోజులకు వాన పడింది. మళ్లీ వెళ్దామన్నాను. "నయాగరాకి కూడా ఇంత పట్టుబట్టలేదు కదా మావయ్యగారూ" అన్నాడు అల్లుడు.

మేట తెగింది. ఏరు ఎర్రగా సరస్సులోకి ఉరుకుతుంటుంది అనుకున్నానా, నీళ్లు లోపలికి వస్తున్నాయి! పోటు అందామంటే ఇక్కడ పోటూపాటూ రెండంగుళాలైనా ఉండవు. ఇదంతా గాలి పని. ఈరీ 388 కిలోమీటర్ల పొడవు, సగటు లోతు మాత్రం 19 మీటర్లే. పళ్లెంలో నీళ్లలాగా, నైరుతి గాలి గట్టిగా వీస్తే తూర్పు కొసనున్న బఫెలో వైపు పోగుపడి పడమటి కొసనున్న టొలీడో వైపు మట్టం పడిపోతుంది. గాలి తగ్గితే అదే నీరు వెనక్కి ఊగుతుంది. ఆ రోజు ఈశాన్యపు గాలి. సరస్సు మట్టం లేచి ఏటిని ఎగదన్నుతోంది.

అలవాటు కొద్దీ చుక్క నాలిక్కి తాకించాను. చప్పన. ఎండాకాలం మా ఉప్పుటేరు ఎగదన్నితే కొల్లేటి దాకా ఉప్పు ఎక్కుతుంది, చేపల చెరువుల వాళ్లకి టెన్షన్. ఇక్కడ ఎటు పారినా మంచినీళ్లే. మొగ దగ్గర మట్టి రంగు ఏటినీరూ తేట సరస్సునీరూ కలుస్తున్న గీత చూసి గానీ ఏది ఎవరిదో పోల్చుకోలేకపోయాను.

మధ్యాహ్నానికి గాలి నెమ్మదించింది. లోపలికి కొట్టుకొస్తున్న ఎండుకొమ్మ ఒకటి ఆగి, కాసేపు అక్కడక్కడే తిరిగి, సరస్సు వైపు మళ్లింది. అప్పటికి అల్లుడు పార్కింగ్ నుంచి మూడోసారి ఫోన్ చేస్తున్నాడు.