హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు: దూరమూ, గంటల లెక్కా

మా అమ్మాయి ఉండే, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌కు వెళ్లాలని నిశ్చయమయ్యాక, టికెట్ కొనక ముందే ఈ ప్రయాణానికి నిజంగా ఎన్ని గంటలు పడుతుందో తేల్చుకోవాలనుకున్నాను. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన అలవాటు ఒక కారణమైతే, మా ఆవిడ మోకాళ్ల నొప్పులు రెండో కారణం.

గోడ మీది పటం చూస్తే అమెరికాకు దారి పడమరగా సాగుతున్నట్టు కనిపిస్తుంది. కానీ గ్లోబు మీద హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారం బిగించి పట్టినప్పుడు అది ఉత్తరంగా చైనా, సైబీరియాలను దాటి, అలాస్కా మీదుగా దిగింది. అక్షాంశ రేఖాంశాలతో లెక్క వేస్తే ఆ దారం రెండు కొసలు భూకేంద్రం వద్ద చేసే కోణం 122 డిగ్రీలకు కాస్త తక్కువ; డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దూరం సుమారు 13,500 కిలోమీటర్లు. అయితే మేము ఎంచుకున్న దారి దుబాయ్ మీదుగా వెళ్తుంది కనుక, అక్కడికి 2,550, అక్కడి నుంచి 13,000, మొత్తం 15,500 కిలోమీటర్లకు పైమాటే.

దూరాన్ని విమాన వేగంతో భాగిస్తే కాలం వస్తుందనుకోవడం మాత్రం సరికాదు. 2016లో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపినప్పుడు, దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగినా, వెనుక నుంచి తోసే గాలుల వల్ల ప్రయాణ కాలం తగ్గింది. భూమి తిరగడం వల్లనే అలా జరుగుతుందని మా మిత్రుడొకరు వాదించారు గాని, భూమితో పాటు గాలీ తిరుగుతుంది కాబట్టి ఆ వాదన నిలవదు. తేడా తెచ్చేది ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ ప్రవాహాలు.

టికెట్ మీద వేసిన వేళలన్నీ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే. ఉదయం 4.20కి శంషాబాద్‌లో ఎక్కి అదే రోజు మధ్యాహ్నం 1.30కి దిగుతామని చూసి మా ఆవిడ సంతోషించింది. అది వేసవి కావడంతో కాలిఫోర్నియా మనకంటే పన్నెండున్నర గంటలు వెనుక ఉంటుంది; చలికాలంలో పదమూడున్నర. ఆ తేడా కలిపితే ప్రయాణం 21 గంటల 40 నిమిషాలు: దుబాయ్ వరకు 3.40, అక్కడ ఆగేది 2.20, మిగిలిన 15.40 ఒకే బిగిన ఆకాశంలో. దీనికి ఖమ్మం నుంచి శంషాబాద్‌కు కారులో పట్టే నాలుగైదు గంటలు, మూడు గంటల ముందు చేరాలన్న నియమం, అక్కడ దిగాక ఇమ్మిగ్రేషన్ వరుస కలుపుకుంటే గడప నుంచి గడపకు ఒకటిన్నర రోజు కింద లెక్క.

రెండు గంటల విరామం నడవలేనివారికి చాలదని, టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ కోరాము. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉండటం వల్ల మొదటిది ఆలస్యమైనా తరువాతి ఏర్పాటు సంస్థే చూడాలి. కొంత డబ్బు ఎక్కువైనా అదే మేలు. రోజుకొకసారి వేసుకునే బీపీ మాత్ర కోసం నా చేతి గడియారాన్ని భారత సమయంలోనే ఉంచాను, మిగతా వేళలు ఫోన్ చూసుకుంది.

తిరుగు ప్రయాణంలో తేదీ ఎదురు తిరుగుతుంది. సోమవారం మధ్యాహ్నం అక్కడ ఎక్కినవాళ్లం బుధవారం తెల్లవారుజామున మూడింటికి శంషాబాద్‌లో దిగుతాము కనుక, కారు డ్రైవర్‌కు వారంతో పాటు తేదీ కూడా రాసి పంపి, మంగళవారం రాత్రి భోజనం చేసి బయలుదేరమని చెప్పాను.